పడమటి గోడ

వెర్లిన్ కట్టిన షెడ్డుకి గాలికి కప్పు లేచిపోయిందని నెబ్రాస్కాలో ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. ముప్పై నాలుగేళ్లు పందుల కొట్టాలూ ధాన్యపు కొట్లూ కట్టాడాయన. సుడిగాలికి ఊళ్లో సగం ఇళ్ల కప్పులు ఎగిరిపోయిన ఏడు కూడా ఆయన కట్టిన కొట్టాల్లో పందులు హాయిగా నిద్రపోయాయి. ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకుండా ఆయన వారం గడిపిన పాపాన పోలేదు.

అంతటి మనిషీ భార్య మార్వాకిచ్చిన ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయాడు. పెళ్లయిన కొత్తలో హవాయి తీసుకెళ్తానన్నాడు. ఒక ఏడు వడగళ్లు, ఒక ఏడు ఆవుల ఈతలు, ఇంకో ఏడు ఎవరిదో కొట్టం పని. అలా ముప్పై తొమ్మిదేళ్లు దొర్లిపోయాయి. చివరికి మార్వా ఊపిరితిత్తులు మొరాయించాయి, విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరు తేల్చేశాడు.

"పోనీలేవయ్యా, సముద్రం చూడకపోతే కొంపేం మునగదు" అంది మార్వా. "అనాసరసంలో రమ్ము కలుపుకుని, గ్లాసు చేత్తో పట్టుకుని, పొద్దు కుంకుతుంటే చూస్తూ కూర్చోవాలనుండేది. అంతే."

ఆ 'అంతే' వెర్లిన్‌కి రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. మూడోనాడు కాఫీ తాగుతూ, నలభయ్యో పెళ్లిరోజుకి పెరట్లోనే టికీ బార్, అదే హవాయి తీరాల్లో ఉండే గడ్డికప్పు మందు పందిరి, లేపుతానని ప్రకటించాడు. అప్పటిదాకా ఆ ఛాయలకి రావద్దని మార్వాకి గట్టిగా చెప్పి, చుట్టూ టార్పాలిన్ కట్టేశాడు.

మొత్తం మూడు వారాల పని. నాలుగు స్తంభాలు నడుములోతు గోతుల్లో దింపి కాంక్రీటు పోశాడు. దూలానికీ స్తంభానికీ ఇనుప పట్టీలు బిగించాడు. ముప్పావంగుళం ప్లైవుడ్‌తో బల్ల చేసి, అరచేత్తో రాస్తే జారిపోయేంత నున్నగా గరుకు కాగితంతో రుద్దాడు. పైన రెల్లుగడ్డి చుట్టలు పరిచి, వాటినీ తీగతో కుట్టేశాడు.

పక్కింటి డెల్మర్ రోజూ టార్పాలిన్ ఎత్తి తొంగిచూసేవాడు.

"ఏమయ్యా, దీంట్లో మందు పోస్తావా, పందుల్ని తోలుతావా?"

"నిన్నే తోలుతా. ముందా చెక్క పట్టుకో."

"అయినా పడమటి వైపు గోడ కట్టేశావ్, మంచి పని చేశావ్. గాలంతా అటునుంచేగా వచ్చి చచ్చేది."

"నాకు చెబుతున్నావా?" అన్నాడు వెర్లిన్, మేకు మీద ఆఖరి దెబ్బ వేస్తూ.

పెళ్లిరోజు వచ్చింది. వెర్లిన్ టార్పాలిన్ విప్పేసి డెల్మర్‌నీ పిలిచాడు. జూన్‌లో అక్కడ తొమ్మిదింటి దాకా పొద్దుంటుంది. మార్వా క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బన్నుల పళ్లెం బల్లమీద పెట్టి, ఎత్తు స్టూలెక్కి, ఆయాసం తీర్చుకుంటూ కూర్చుంది. బల్ల నిమిరి, కప్పు చూసి మురిసిపోయింది. వెర్లిన్ గ్లాసు కలిపి చేతికిచ్చాడు. ఆవిడ తాగలేదు. ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఉండిపోయింది.

"బ్రహ్మాండంగా ఉందయ్యా. సూర్యుడెక్కడ?"

వెర్లిన్ గోడకేసి తిరిగాడు. నేల నుంచి కప్పు దాకా ప్లైవుడ్, దాని వెనక రెండడుగులకొక నిలువు కర్ర. ముప్పై నాలుగేళ్లుగా పడమరను చూడగానే మూసేసిన చేతులు ఈసారీ మూసేశాయి. డెల్మర్ బన్ను నోట్లో కుక్కుకుని తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంకెంతసేపుంది?" అని అడిగాడు వెర్లిన్.

"అరగంట" అన్నాడు డెల్మర్.

"చాలు. మార్వా, కదలకు. తిన్నగా కూర్చో."

చెవి మీది పెన్సిలు తీసి, ఆవిడ కళ్ల ఎత్తు చూసుకుని గోడమీద గీత గీశాడు. కరెంటు రంపం పట్టుకొచ్చాడు. మధ్యలో ఒక నిలువు కర్ర అడ్డొచ్చింది. కట్టిన గోడలో కర్ర కోయడం ఆయన ఎరగని పని. ఒక్క క్షణం ఆగాడు.

"డెల్మర్, పైన భుజం పెట్టి ఆపు. తర్వాత అడ్డదూలం వేద్దాం" అని కోసేశాడు.

చెక్క వెళ్లి గడ్డిలో పడింది. పడమటి వెలుగంతా ఒక్కసారి లోపలికొచ్చి బల్లమీద, బన్నులమీద, మార్వా ముఖంమీద పడింది. గ్లాసులో రంపప్పొట్టు పడకుండా ఆవిడ అరచెయ్యి అడ్డంపెట్టింది. తర్వాత చెయ్యి తీసి, సగం మునిగిన సూర్యుణ్ణి చూస్తూ మొదటి గుక్క తాగింది. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

"రేపు ఆ చెక్కకే మడతబందులు బిగిస్తా. గాలొస్తే మూసెయ్యచ్చు" అన్నాడు వెర్లిన్.

"మూశావంటే చేతులు విరగ్గొడతా."

అంతలో గాలి రానే వచ్చింది. కోసిన కన్నంలోంచి దూసుకొచ్చి కాగితపు రుమాళ్లన్నీ డెల్మర్ మొక్కజొన్న చేలోకి ఎత్తుకుపోయింది. పైన రెల్లుగడ్డి రెపరెపలాడింది. వెర్లిన్ లేవలేదు. స్టూలు భార్య పక్కకి జరుపుకుని, గాలికి ఎదురుగా కూర్చున్నాడు.