అత్తమ్మ పుట్టింటి ఏటిమొగ

పోయిన వారం సిరుగుప్ప సంతలో చేపల బండి దగ్గర ఆగాను. మంచుముక్కల మీద పరిచిన రొయ్యలు అచ్చులో పోసినట్టు అన్నీ ఒకే కొలతలో, ఒకే రంగులో ఉన్నాయి. ఇవి ఏటివా, సముద్రానివా అని అడిగితే బండాయన నా తెల్లజుట్టు వంక చూసి, "అన్నీ చెరువు మాలే అక్కా. ఏటివి యాడ దొరుకుతాయి ఇప్పుడు" అన్నాడు. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. బురద వాసన లేదు, ఉప్పు వాసన లేదు. కొనబుద్ధి కాక వచ్చేశాను కానీ, దారి పొడుగునా మా అత్తమ్మే కళ్లముందు మెదిలింది.

నేను దేశనూరులో పుట్టినదాన్ని. మాకు ఏరంటే తుంగభద్ర, అది పైనుంచి కిందికి పోతుంది, ఎక్కడికి పోతుందన్నది మేమెవరం ఆలోచించి ఎరగం. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకుంటూ మా ఊరి పక్కనే క్యాంపు అనే కొత్త పల్లె కట్టుకుని స్థిరపడిన కుటుంబంలోకి నన్నిచ్చినప్పుడు, మా వాళ్లు చేపల వాసన గురించి, వాళ్లు జొన్నరొట్టెల గురించి కొంచెం గొణుక్కున్న మాట నిజమే, అయినా ఆ గొణుగుడు మొదటి పంట ఇంటికొచ్చేలోగా సద్దుమణిగింది. అత్తమ్మది కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక చిన్న ఊరు. ఆ చోటును వాళ్లు మొగ అంటారు. మీ ఊరి ఏరే కృష్ణలో కలిసి మా ఊరికొస్తుందని ఆవిడ చెబితే, కొత్తకోడలిని మాటల్లో పెట్టి మచ్చిక చేసుకుంటోందనుకున్నాను.

పెళ్లయిన ఏడాదే నన్ను పుట్టింటికి తీసుకెళ్లింది. అక్కడ ఆవిడ తమ్ముడు, అంటే నాకు బాబాయి వరస, మమ్మల్ని పడవలో మొగ దాకా తిప్పాడు. మా వయసు వాళ్లకు చెబితే అర్థమవుతుంది, ఆ రోజుల్లో మాలాంటి మెట్ట ఊళ్ల ఆడపిల్లలకు సముద్రమంటే బడి పుస్తకంలో నీలంరంగు పూసిన చోటు, అంతే. నేను పడవ అంచు పట్టుకుని కూర్చుని, కాసేపటికి నీళ్లు వెనక్కి, ఊరివైపు పోతుండటం చూసి హడలిపోయాను. పడవలో అందరూ నవ్వారు. "సముద్రపు పోటమ్మా అది. కాసేపాగితే తీసుద్దిలే" అన్నాడు బాబాయి.

రెండు పక్కలా మడ అడవి. మనిషికి రెండింతల ఎత్తు చెట్లు, బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి, నేల మీద మేకులు దిగ్గొట్టినట్టు ఉన్నాయి. ఆ బురద మా నల్లరేగడి కన్నా మెత్తన. అప్పటికి నలుగురు పిల్లల తల్లి అయిన అత్తమ్మ చీర పైకి దోపి, నేను వద్దంటున్నా వినకుండా మోకాళ్ల లోతు దిగి, కలుగులో చెయ్యి పెట్టి మండపీతను బయటికి లాగింది. క్యాంపులో ఎన్నడూ గట్టిగా నవ్వని మనిషి అక్కడ అంత బురదలో నిలబడి నవ్వుతుంటే, నాకెందుకో ఆవిడ మీద జాలి కలిగింది. ఇంత చోటు వదిలిపెట్టి మా ఎండల్లోకి ఎలా వచ్చిందో అనిపించింది.

ఆ పూట పొయ్యి దగ్గర కూర్చుని బాబాయి భార్య, పిన్ని, నాకు ఓపిగ్గా చెప్పుకొచ్చింది. "రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలోనే గానీ, పిల్ల పెరిగేది మాత్రం ఈ మడలోనే. వేళ్ల సందుల్లో దాక్కుని, రాలి కుళ్లిన ఆకు తిని బతుకుద్ది. వరద నీళ్లొచ్చి ఉప్పు విరిస్తేనే దానికి ఒంటికి పడేది" అంది. ఇంట్లో గింజ లేని రోజైనా బుట్ట పట్టుకుని మడలోకి దిగితే పొయ్యి వెలుగుతుందనీ, ఉప్పెన వచ్చిన ఏడు చుట్టుపక్కల ఊళ్లు ఊడ్చుకుపోయినా ఈ చెట్లు అలను విరిచాయి కాబట్టే తాము మిగిలామనీ చెప్పింది. పండుగప్ప చేప పులుసు, ఎర్రబియ్యపు అన్నం. ఆ రుచి చెప్పాలంటే ఇప్పుడు నాకు మాటలు చాలవు.

ఆ తర్వాతి సంగతులు మీరు ఊహించగలరు. వెళ్లిన ప్రతిసారీ మడ కొంత వెనక్కి పోయి కనిపించేది, దాని చోట చదరంగా గట్లు కట్టిన రొయ్యల చెరువులు. పైన ఆనకట్టల్లో నీళ్లు ఆగిపోయి వరద రావటం అరుదైంది. వరదతో వచ్చే ఒండ్రు కూడా ఆగిపోయింది, సముద్రం ఒడ్డును కోసుకుంటూ లోపలికి రాసాగింది. ఊరి బావిలో నీళ్లు మొదట రుచి తప్పాయి, ఆపైన ఉప్పనయ్యాయి. బాబాయి పొలంలో నాటిన నారు నాటినట్టే ఎర్రబడింది.

అలాంటి ఒక ఏడు ఆయన మా క్యాంపుకొచ్చాడు. పొద్దున్నే కాలువ గట్టు మీద నిలబడి, నిండుగా పోతున్న నీళ్లను చాలాసేపు చూశాడు. పక్కన అత్తమ్మ, నేను, ఏదో పనిమీద వచ్చిన మా నాన్న. "మా ఊరికి రావాల్సిన నీళ్లు ఇక్కడే ఉన్నాయి కదే అక్కా" అన్నాడు. కోపంగా అనలేదు, పోగొట్టుకున్న వస్తువు పరాయింట్లో కనిపించినవాడిలా అన్నాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ పిల్లలు తిన్న అన్నమంతా ఆ నీళ్లతో పండిందే.

మా నాన్నే బదులు చెప్పాడు. "ఈ కాలవ రాకముందు మేము వాన కోసరం మొగులు దిక్కు చూస్కుంటా బతుకుతాంటిమప్పా. ఈ నీళ్లు ఇంకెవురివో అని మాకెవురు చెప్పిరి? ఇప్పుడు మా చివరి మడులకు గూడా అందుతాల్లేదు. బేజారు చేసుకోవద్దు" అన్నాడు. ఎవరిదీ తప్పు కాదని అందరికీ తెలుసు. అందుకే ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు. అడిగితే నీళ్లిచ్చే మనిషి ఎవరైనా ఉంటే ఆ కాళ్లు పట్టుకుందురేమో, అలాంటి మనిషి లేడు.

బాబాయి పొలం ముందు కౌలుకు పోయింది, తర్వాత చెరువైపోయింది. చివరికి ఇల్లు కూడా ఏటి కోతకు పోయాక, అదే చెరువుల దగ్గర ఆయన కాపలా పనికి కుదిరాడు.

అత్తమ్మ కాళ్లు ఇంకా ఆడుతుండగానే మొగ ఒక్కసారి చూసిరావాలంది. తీసుకెళ్లాం. ముళ్లకంచె గేటు తాళం తీసి అక్కను లోపలికి నడిపించింది బాబాయే. చెరువుల్లో సగానికి తెగులు సోకి వదిలేశారట, అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. వాటిని దాటి మొగ దగ్గరికి వెళితే మడ లేదు, అక్కడక్కడా నల్లటి మొద్దులు మాత్రం మిగిలాయి. పోటు వేళ నీళ్లు వెనక్కి వచ్చాయి, అదొక్కటే మారలేదు. అత్తమ్మ వంగి బురద తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. అందులో కదిలే పురుగు కూడా లేదు. బాబాయి తలవంచుకుని నిలబడ్డాడు. అన్నేళ్లు మా మధ్య ఉండి ఒక్కనాడూ మా యాస పలకని అత్తమ్మ నా వైపు తిరిగి, "పోదాం పామ్మా మనూరికి. ఈడ ఏముండాది" అంది.

మా దేశనూరును ఆవిడ మనూరు అనడం అదే మొదలు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో, తీరా విన్నాక అది వినకుండా ఉంటే బాగుండుననిపించింది. ఇంటికొచ్చాక అత్తమ్మ పుట్టింటి ఊసెత్తలేదు, చేప ముట్టలేదు. కొన్నేళ్లకు పోయింది.

ఇప్పుడు ఆనకట్ట గేట్లెత్తితే జనం పిల్లలతో వెళ్లి ఫోటోలు దిగి వస్తున్నారు. ఆ నీళ్లు కొద్ది రోజులు పరుగెత్తి మొగను చేరినా, అక్కడ వాటికోసం కాచుకున్న చెట్టు లేదు, పిల్ల దాక్కునే వేరు లేదు. ముసలాయనైపోయిన బాబాయి మొన్న ఫోనులో, ఈసారి నీళ్లొచ్చాయి తల్లీ, ఊరికే వచ్చి పోయాయి అన్నాడు. మా మనవరాళ్లకు ఏరు ఆనకట్ట దగ్గర మొదలై మా మడి చివర అయిపోతుంది. వాళ్లకు చెప్పబోతే మర్యాదకు వింటారు, అంతలో ఇంకో పని గుర్తొస్తుంది. మడ బురద ఎంత మెత్తనో, వెనక్కి నడిచే ఏరు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ అక్కడ పుట్టినదాన్ని కాదు.