విప్పిన చీరల దగ్గర మా సారు

మా సారు పోయారు. పొద్దున షాపు షట్టర్ ఎత్తిస్తుండగా వాళ్ల కూతురు ఫోన్ చేసి చెప్పింది. మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. వరంగల్‌లో మా చీరల షాపుకు ఏళ్ల తరబడి మేనేజరుగా ఉండి, రిటైరయ్యే ముందు ఆ కుర్చీ నాకు అప్పగించిన మనిషి ఆయన. నిజానికి ఆయన దాన్లో కూర్చోగా మేమెవరం చూడలేదు. దాని మీద ఆయన టిఫిన్ డబ్బా ఉండేది.

నన్ను మేనేజరును చేసిన సంతోషం ఎంతోకాలం నిలవలేదు. నిన్నటిదాకా నా పక్కన పరుపు మీద కూర్చుని చీరలు చూపించిన రజిత, ‘అక్కా’ అనేది కాస్తా ‘మేడమ్’ అనడం మొదలుపెట్టింది. ఒళ్లు మండేది. గొంతు పెంచితే పని జరిగేది గానీ మాటలు ఆగిపోయేవి. ఇలాగైతే ఒక్కొక్కరే వేరే షాపుకు పోతారని భయం పట్టుకుంది.

సారు ఇంకా రిటైరవకముందే, ఓ మధ్యాహ్నం హసన్‌పర్తి నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. రజితతో అరలన్నీ ఖాళీ చేయించి, ఒక్క చీర కూడా కొనకుండా లేచిపోయారు. నేను విసురుగా అటు నడుస్తుంటే సారు అడ్డం వచ్చారు.

“ఏడికి?”

“ఎందుకు అమ్మలేదో అడుగుత సార్.”

“జర ఆగు. ఆ పిల్ల గొంతు ఎండిపోయింది. పొయ్యి కూసోని మడువు.”

పట్టుచీర మడవాలంటే ఇద్దరుండాలి. ఒక కొస రజిత పట్టుకుంది, ఒక కొస నేను. సారు మంచినీళ్ల గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయారు. రెండు చీరలు మడిచేసరికి రజితే చెప్పింది.

“పెళ్లిపిల్లకు ఎరుపు నచ్చలేదక్కా. అత్త ముందట చెప్పలేకపోయింది. నేనే జర ఆమె మొకం చూడాల్సుండె.”

అక్కా అంది! నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత సారు నవ్వారు. “నిలబడి అడిగితే సాకు చెప్తరు బిడ్డా. పక్కన కూసుంటే సంగతి చెప్తరు.”

అలాగని ఆయనేం దేవుడు కాదు. మహా చాదస్తం. అరల్లో చీరల అంచులన్నీ ఒకే వైపు లేకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. సద్దుల బతుకమ్మ నాడు మమ్మల్ని పెందలాడే ఇంటికి పంపమని పైగదిలో షాపు యజమాని సేటుతో గట్టిగా వాదించి, కిందికి నవ్వుతూ దిగేవారు. ఎర్రబడ్డ చెవులు మాత్రం మాకు కనిపించేవి. “అడుగుడు నా పని, ఇచ్చుడు ఆయన ఇష్టం,” అనేవారు.

ఇవాళ సారు ఆఖరి చూపుకు సెలవు అడగడం నా వంతైంది. కళ్లు తుడుచుకుని పైకెక్కాను.

“పెళ్లిళ్ల సీజన్ల బంద్ పెడ్తమా అమ్మా?” అన్నారు సేటు.

“బంద్ వద్దు సేటూ. సగం మంది పోయొస్తరు. వాళ్లొచ్చినంక మిగిలినోళ్లం పోతం.”

ఒప్పుకున్నారు. తీరా చూస్తే అందరికీ ముందే వెళ్లాలని ఉంది. “నువ్వు పో అక్కా,” అని రజిత ఎంత బతిమాలినా వినకుండా, తనను మొదటి వాళ్లతో పంపి నేను ఉండిపోయాను.

మా వంతు రానే లేదు. ఎండ ముదురుతోందని సారు ఇంటివాళ్లు ఆయన్ను ముందే బయల్దేరదీశారు. అద్దం ముందు ఓ పెళ్లికూతురికి కుచ్చిళ్లు పెడుతుంటే బజారు మలుపులో డప్పులు వినిపించాయి. నా చేతులు ఆగిపోయాయి.

“ఏమైందక్కా?” అంది ఆ అమ్మాయి.

“మా సారు పోతాండమ్మా.”

అంతలో డప్పుల వెనక వస్తున్న గుంపులోంచి రజిత పరుగున షాపులోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. నా చేతిలోని కుచ్చిళ్లు తన చేతిలోకి తీసుకుంది.

“నడువక్కా. ఇక్కడ నేనున్న.”

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఎండలోకి దిగాను. సారు వెనకాలే, డప్పుల వెంట నడిచాను.