ఐసీయూలో మా ఆయన కట్లు విప్పిందెవరు?

చనిపోయినవాళ్లు తిరిగొస్తారని నేనెప్పుడూ నమ్మలేదు. పునరుత్థాన దినం వరకు వాళ్లు నిద్రలో ఉంటారని సండేస్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను మందలించినదాన్ని. ఇది భయపెట్టడానికి రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది పెదకాకాని దగ్గర పల్లె. ఆ ఏడు పత్తికి పురుగు ఎక్కువ. మా ఆయన పొద్దుటి నుంచి మందు కొట్టి, ఎదురుగాలికి అదంతా పీల్చి గట్టుమీదే పడిపోయాడు.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. విషానికి విరుగుడు ఇంజెక్షన్లు పడేసరికి మతి తప్పింది. గాల్లో ఏదో ఏరుతున్నట్టు ఒకటే చేతులాడించేవాడు. సెలైన్ సూది రెండుసార్లు పీకేశాడు. మళ్లీ పీకితే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరు. నిద్రమందు ఇస్తే ఊపిరి ఆగిపోవచ్చట. అందుకని రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీలకు కట్టేశారు.

సాయంత్రం నాలుగింటికి ఐదు నిమిషాలు లోపలికి పంపేవారు. రెండో రోజుకే మణికట్లు ఒరుసుకుపోయి రసి కారుతోంది. ఆయన లాగేకొద్దీ వాళ్లు ఇంకా బిగించారు. "కాసేపు విప్పండి సిస్టర్, నేను పట్టుకుని కూర్చుంటాను" అన్నాను.

"పురుగుమందు తాగేటప్పుడు ఎక్కడున్నావమ్మా?" అంది.

"తాగలేదండీ. మందు కొడుతుంటే గాలి ఎదురొచ్చింది."

"ఇక్కడికొచ్చిన వాళ్లంతా అదే చెబుతారు. టైమైంది, బయటికి నడు."



మూడో రోజు నాలుగింటికి వెళ్తే చేతులకు కట్లు లేవు. గుడ్డలు రెండూ మడతపెట్టి తలగడ పక్కన ఉన్నాయి. ఆయన అరవడం లేదు. ఒళ్లో గుప్పెడు పత్తి. గింజలు తీసి స్టీలు ట్రేలో వేస్తున్నాడు. సూది కదల్లేదు.

అది ఆసుపత్రి దూది కాదు, గింజ పత్తి. మా వైపు అప్పటికి ఏ చేలోనూ ఒక్క కాయ పగల్లేదు.

అదే సిస్టర్ గొంతు తగ్గించి చెప్పింది. మధ్యాహ్నం ఒకావిడ నేరుగా మంచం దగ్గరికి వచ్చి కట్లు విప్పుతుంటే తను కేకలేసిందట. "కట్టొద్దమ్మా. చేతికేదన్నా పనియ్యి, కూర్చుంటాడు" అందట ఆవిడ. ఆ పత్తి ఆయన ఒళ్లో పోసి, ఇవాళ ఏ వారమో, ఆయన ఎక్కడున్నాడో నెమ్మదిగా చెబుతూ గంటసేపు కూర్చుందట. ఆయన సద్దుమణిగాడని తను ఊరుకుందట. "మీ అత్తగారనుకున్నా. రెండు మణికట్లకూ తాడు మచ్చలున్నాయి, పాపం" అంది.

ఆవిడ మా అత్తగారు కాదు. ఆ మాట, ఆ మచ్చలు నాకు తెలుసు.

నాకు పదిహేడేళ్లప్పుడు మా చర్చి సంఘంలో మార్తమ్మత్త ఉండేది. ఇద్దరు పిల్లలు వరసగా పోయాక ఆమెకు మతి చెదిరింది. దురాత్మ పట్టిందని పెద్దలు తేల్చి, ఉపవాస ప్రార్థనలో ఆమెను చర్చి కిటికీ ఊచలకు పురికొసతో కట్టించారు. అలా మూడు శుక్రవారాలు. నెత్తురొచ్చినా విప్పలేదు. "కట్టొద్దే పిల్లా. చేతికేదన్నా పనియ్యి, కూర్చుంటా" అని నా చెవిలో బతిమాలింది. ముడేసింది నేనే. పాట పాడుతూ వేశాను. రెండేళ్లకు ఆమె పోయింది. సమాధిలో నేనూ పిడికెడు మట్టి వేశాను. చెవిలో ఆమె అన్న మాట మాత్రం మా ఆయనతో సహా ఎవరికీ చెప్పలేదు.

మర్నాటి నుంచి సిస్టర్ నన్ను పక్కన కూర్చోనిచ్చింది. చుట్టూ ఆనవాలు పట్టేందుకు ఆయన కళ్లజోడు ఆయనకు పెట్టాను. బ్యాండేజీ చుట్ట చేతికిచ్చి విప్పమన్నాను, మళ్లీ చుట్టమన్నాను. ఇంటికొచ్చేదాకా ఆయన్ని ఇక కట్టలేదు. పక్క మంచం ముసలాయన కట్లు ఆ సిస్టరే విప్పింది. ఇంత తేలిగ్గా అయ్యేదానికి ఒక మనిషిని గొడ్డులా కట్టేస్తారా? ఆ మాటకొస్తే మార్తమ్మత్తను మేమెందుకు కట్టాం?

పాస్టరుగారితో చెబితే "సాతాను మోసమమ్మా, మర్చిపో" అన్నారు.

"సాతాను కట్లు విప్పుతాడా అయ్యగారూ? కట్టింది మనం కదా!"



ఎవరో నిరుటి పత్తి దాచుకుని ఉంటారు. అలాంటి మచ్చలు ఇంకో మనిషికీ ఉంటాయి. ఇవన్నీ ఆలోచించాను. మరి నా ఒక్కదాని చెవిలో పడిన ఆ మాట? వచ్చింది మార్తమ్మత్తే అని నేను అనలేను, నా విశ్వాసం ఒప్పుకోదు. నేను ముడేసిన చేతులు కాకపోతే, ఆ కట్లు విప్పిన చేతులెవరివో కూడా చెప్పలేను.