శత్రువుకి చాచా టోపీ

నిన్న పొద్దున మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. పిల్లలకి పోస్టర్ల పోటీ, అంశం ‘మన వీరులు’, చార్టులు ఇంటి దగ్గరే వేసుకుని తేవచ్చు, తల్లిదండ్రులు చెయ్యి పెట్టకూడదు. కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు. నేను మాత్రం ఫోన్ బోర్లా పెట్టేసి, పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తున్నా లేవకుండా కూర్చున్నాను. కొన్నేళ్ళ క్రితం ఇదే పోటీ, ఇదే అంశంతో, మేముండే ఈ గల్ఫ్ ఊళ్ళోనే, ఇదే అజైబాలో జరిగింది. ఆ తర్వాత జరిగినదాని గురించి మావాళ్ళెవరూ మాట్లాడరు. గొడవ జరిగి ఉంటే ఇప్పటికీ చెప్పుకునేవారు. నేను తప్ప ఎవరూ నోరు పెంచలేదు, నా బాధల్లా అదే.

అప్పట్లో మా బిల్డింగ్ పిల్లలంతా ఒకే వ్యాన్‌లో స్కూలుకి వెళ్ళేవారు. నడిపేది పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక బలూచీ మనిషి. పిల్లలకి చాచా, వాళ్ళ నోట విని విని పెద్దవాళ్ళకీ చాచాయే. గోరింటాకు పట్టించిన గడ్డం, తేనెరంగు కళ్ళు, ఎండకి ఎర్రగా కందిపోయే తెల్లటి ఒళ్ళు, నెత్తి మీద చిన్న చిన్న అద్దాలు కుట్టిన టోపీ. పొద్దుటి ఎండ ఆ అద్దాల మీద పడితే వ్యాన్ కప్పంతా వెలుగు చుక్కలు తిరిగేవట, పిల్లలు వాటిని అరచేతుల్లో పట్టుకోబోయేవారట. నాకూ అతనికీ మాత్రం రోజూ యుద్ధమే. మా అమ్మాయికి జడలు వేయడం నాకెప్పుడూ ఆలస్యం, అతను హారన్ కొట్టేవాడు, నేను బాల్కనీలోంచి నా గుంటూరు హిందీలో కేకలేసేదాన్ని. “తిట్టడం అయిపోయాక పిల్లని పంపండి బాజీ, నాకు తొందరేం లేదు” అనేవాడు తాపీగా. బాజీ అంటే వాళ్ళలో అక్క. మామిడిపళ్ళ కాలంలో వాళ్ళ దేశం నుంచి వచ్చిన పళ్ళు కొనితెచ్చి పిల్లలకి తలా ఒకటి ఇచ్చేవాడు. మా బంగినపల్లి ముందు ఇవేం పళ్ళని నేను, తిన్నాక చెప్పండని అతను. తిన్నాక టెంక దాకా చీకేశాను, అది వేరే సంగతి. పిల్లల్ని స్కూల్లో దింపాక మళ్ళీ బడి వదిలేదాకా అతనికి ఖాళీ. ఆ ఖాళీలో వ్యాన్ నీడన ఆపుకుని వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నం బడికెళ్ళే ఇద్దరు కూతుళ్ళకి ఫోన్ చేసి, పాఠాలు అప్పజెప్పించుకునేవాడు. అతను చదువుకోలేదు. వాళ్ళు తప్పు చెప్పినా తెలియదు. అయినా సరే, రోజూ వినాల్సిందే.

ఆ ఏడాది మా రెండు దేశాల మధ్యా యుద్ధం వచ్చేలా ఉంది. ఫోన్ తెరిస్తే చాలు, కోరలున్న శత్రువు, ఏడుస్తున్న భారతమాత, కండలు తిరిగిన జవాను. నేను ఎమ్.ఏ.లో యుద్ధకాలపు పోస్టర్ల మీదే వ్యాసం రాశాను కాబట్టి నాకు అవి కొత్త కాదు, పాతవాటికి రంగులు మార్చారంతే. ప్రపంచ యుద్ధాల నాటి పోస్టర్లలో శత్రువు ఒకచోట గొరిల్లా, భుజాన తెల్లటి అమ్మాయిని వేసుకుని పోతుంటాడు. ఇంకోచోట పసుప్పచ్చ ఒళ్ళు, ఎత్తుపళ్ళు, చీలికల్లాంటి కళ్ళు. ఇక ఆడదానికి అక్కడ దొరికే ఉద్యోగాలు కొన్నే: ఏడవడం, కట్టు కట్టడం, ఎత్తుకుపోబడటం, లేదంటే పెదాలకి రంగేసుకుని రహస్యాలు లాగడం. మన సిపాయిలూ ఉంటారు, తెల్లదొర వెనకాల, అందరికీ ఒకే మొహం, ఒకే తలపాగా, ఒకే నవ్వు. మద్రాసు వైపు నుంచి కూడా జనం వెళ్ళారు, తలపాగా లేనందుకేమో పోస్టర్లలో మాత్రం చోటు దొరకలేదు.

ఇదంతా పోటీ పెడుతున్న సంఘం సెక్రటరీగారికి చెప్పాను. యుద్ధం వేడిలో చిన్నపిల్లల చేత ఇవి వేయించకండి, కావాలంటే పళ్ళో పూలో వేయించండి అన్నాను. ఆయనది కరీంనగర్ వైపు, మనిషి మంచివాడే. “గదేంది మేడం, పోరలు బొమ్మలేస్తరంటే గూడ హిస్టరీ క్లాస్ పెడ్తవా? దేశభక్తి నేర్వొద్దా మరి?” అన్నాడు. మీటింగులో అందరూ నవ్వారు. మా అమ్మాయిని పోటీకి పంపనని చెప్పి లేచి వచ్చేశాను. వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు, ఆ రాత్రి మావారికి కూర కూడా సరిగ్గా వడ్డించలేదు.

మొదటి బహుమతి మా ఎదురు ఫ్లాట్ వదిన కూతురికి వచ్చింది. అప్పుడది ఒకటో తరగతి. చార్టులో ఒక మూల తలొంచుకుని ఏడుస్తున్న అమ్మ, మధ్యలో జవాను, ఎదురుగా శత్రువు. జవానుకి ‘స్కిన్ కలర్’ అని పిల్లలు పిలిచే లేత గులాబీ పెన్సిల్ వేసింది, వాళ్ళ నాన్నా తాతా ఇద్దరూ నల్లటి నలుపైనా సరే. శత్రువుకి ముదురు గోధుమరంగు, చెవుల దాకా పళ్ళు, చేతికి గోళ్ళు. ఎర్రటి గడ్డం. నెత్తి మీద అద్దాల టోపీ, ఒక్కో అద్దానికీ ఓపిగ్గా గీసిన వెండి గీత. ఆ దేశపు మనిషిని గీయమంటే పిల్ల ఎవర్ని గీస్తుంది? దానికి తెలిసిన ఆ దేశపు మనిషి ఒక్కడే. మా అందరికంటే తెల్లగా ఉండే ఆ ఒక్కణ్ణి శత్రువుని చేయడానికి పాపం నల్లబరచాల్సి వచ్చింది.

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి, ఆదివారం స్కూల్లో టీచరుకి చూపిస్తానని చార్టు వ్యాన్‌లోకి తెచ్చుకుందట. తర్వాత జరిగింది మా అమ్మాయి చెప్పింది. ఆ పిల్ల దాచలేదు, భయపడలేదు. ముందు సీటు మీద పరిచి మురిసిపోతూ “చూడు చాచా, ఇది నువ్వే” అంది. అతను వ్యాన్ ఆపి చాలాసేపు చూశాడట. “టోపీ బాగా వేశావు బేటీ” అన్నాడు. మళ్ళీ, “నా పళ్ళు ఇంత పెద్దవా?” అని అడిగాడు. “కాదు చాచా, ఇందులో నువ్వు శత్రువ్వి కదా, అందుకని” అంది. పిల్లలంతా నవ్వారు. అతనూ నవ్వాడట. మర్నాటి నుంచి మామూలు తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు.

సంగతి తెలిశాక పిల్ల తల్లి చాచా దగ్గరికి వెళ్ళి ఒక మాట చెబుతుందనుకున్నాను. వదినది గోదావరి జిల్లా, మాట మెత్తన. కానీ ఆమె నా దగ్గరికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“అతను మనసులో ఏం పెట్టుకున్నాడో మనకేం తెలుసు వదినా? ఆడపిల్లల్ని ఎలా పంపుతామండీ?”

“బొమ్మ వేసింది మీ అమ్మాయి. కోరలు పెట్టిందీ మీ అమ్మాయే. భయపడాల్సింది అతను.”

“మీకన్నీ వాదనలే. రేపేదైనా జరిగితే?”

వారంలో అందరూ వంతులేసుకుని సొంత కార్లలో పిల్లల్ని దింపడం మొదలుపెట్టారు. చాచాని ఎవరూ ఏమీ అనలేదు, నవ్వుతూ నమస్కారాలు కూడా పెట్టారు. వ్యాన్‌లో మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఇంటింటికీ తిరిగి పోట్లాడాను. నా నోటికి భయపడి సరేనన్నవాళ్ళు కూడా పొద్దున్నే కారు తాళాలు తీసుకున్నారు. ఒక్క పిల్ల కోసం బండి తిరగదని వ్యాన్ల యజమాని రూటు ఎత్తేసి, చాచాని ఊరికి చాలా దూరంగా ఖురియాత్ అవతల ఏదో సైట్‌లో లేబర్ బస్సుకి మార్చాడు.

వెళ్ళే ముందు, మా అమ్మాయి వ్యాన్‌లో మర్చిపోయిన నీళ్ళ సీసా ఇవ్వడానికి పైకి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. సంఘం వాళ్ళని వదలనని, మళ్ళీ మాట్లాడతానని అన్నాను.

“వద్దు బాజీ. పిల్ల ప్రేమతోనే వేసింది. తల్లుల భయం కూడా తప్పు కాదు, నాకూ కూతుళ్ళున్నారు.”

“వాళ్ళ పాఠాలో మరి?”

“ఆ డ్యూటీ చీకటితో మొదలై చీకటితో అయిపోతుంది. వాళ్ళే చదువుకుంటారులే” అన్నాడు, మెట్ల వైపు చూస్తూ.

నాకు అతని మంచితనం మీద ఒళ్ళు మండింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది, మా అందరి తరఫునా పడేదాన్ని.

నిన్న సాయంత్రం లిఫ్టులో ఆ పిల్ల కనిపించింది. ఎనిమిదో తరగతి ఇప్పుడు, నాకంటే పొడుగు. పోటీకి చిన్నపిల్లల చేత బొమ్మలు వేయించే బాధ్యత తనదేనని సంతోషంగా చెప్పింది. చాచా గుర్తున్నాడా అని అడిగాను.

“ఏ చాచా ఆంటీ?”

“మీ స్కూలు వ్యాన్ చాచా.”

“మేం వ్యాన్‌లో వెళ్ళేవాళ్ళమా? నాన్నే కదా దింపేవారు.”

అబద్ధమాడటం లేదు, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అంత చిన్నప్పటి మనిషి గుర్తుండాలని ఏముంది. కాలం గడిస్తే అన్నీ మరుగున పడతాయని పెద్దవాళ్ళు చెబుతుంటే నేను చిన్నప్పటి నుంచీ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఇద్దరికీ గడిచింది అవే ఏళ్ళు. ఆ ఏళ్ళలో ఈ పిల్ల అతన్ని పూర్తిగా మరిచిపోయింది, అతనికి మాత్రం ఈ పిల్ల ఏ సీటులో కూర్చునేదో కూడా గుర్తుండే ఉంటుంది.