అక్క కిడ్నీ, అమ్మ ప్రార్థన

మా ఆయన పోతూ పోతూ నాకు మిగిల్చిన ఆస్తి హెచ్‌ఐవీ ఒక్కటే. ఏళ్ల తరబడి మాత్రలు మింగి దాన్ని అదుపులో పెట్టుకున్నాను. తీరా కిడ్నీలు మొరాయించాయి. పటమట నుంచి డయాలసిస్‌కి తిరిగి తిరిగి విసిగిపోయిన రోజుల్లో డాక్టరుగారు ఒక మాట అన్నారు.

"వైరస్ కంట్రోల్‌లో ఉందండీ. మీలాంటివాళ్లకీ ఇప్పుడు కిడ్నీ మార్పిడి చేస్తున్నాం. ఇంట్లో ఇచ్చేవాళ్లుంటే చూడండి."

అక్క ఇస్తానంది. పరీక్షలన్నీ సరిపోయాయి. బావగారు కూడా సరేనన్నారు. నా జబ్బు సంగతి అమ్మతో కలిపి మా నలుగురికే తెలుసు. మిగతా లోకానికి షుగరు వల్ల కిడ్నీలు పోయాయని చెప్పుకున్నాం.

ఆపరేషన్‌కి ముందు ఆదివారం అమ్మ నన్ను పామర్రులో తను, అక్కావాళ్లు వెళ్లే చర్చికి తీసుకెళ్లింది. అక్కడ ప్రసంగం అయ్యాక ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటే అందరూ ప్రార్థన చేస్తారు. అమ్మ లేచింది. నా జబ్బు పేరుతో సహా అంతా చెప్పేసింది. ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగాను.

"దేవుడి ముందు అబద్ధమాడి మేలు అడుగుతామా?" అంది కూర్చుంటూ.

బయటికి వచ్చేటప్పుడు చేతిలో చెయ్యి వేసి వందనాలు చెప్పే ఆడవాళ్లంతా ఆ రోజు దూరం నుంచే దణ్ణం పెట్టారు.

సాయంత్రం బావగారు నన్ను కూర్చోబెట్టారు.

"అంటుకోదని నాకు తెలుసమ్మా. ఊరికి తెలీదుగా. రేపు ఆపరేషన్ కోత చూసి మీ అక్కక్కూడా ఆ జబ్బుందంటారు. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది. నేను సంతకం పెట్టలేను."

ఆయన సంతకం లేకుండా ఆసుపత్రివాళ్లు అక్కని చేర్చుకోరు. రాత్రి భోజనాల దగ్గర అక్క నా కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. బావగారి మీద ఒళ్లు మండిపోయింది. జబ్బుకి జడవని మనిషి ఊరి నోటికి జడిశాడు. అమ్మ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆవిడ చెప్పింది నిజమే కదా.

ఇప్పటికీ డయాలసిస్‌కి తిరుగుతూనే ఉన్నాను. మొన్న అమ్మ ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. ప్రతి ఆదివారం నా కోసం ప్రత్యేక ప్రార్థన జరుగుతోందట. బావగారే ముందు నిలబడి, నాకెక్కడైనా ఒక కిడ్నీ దొరికేలా చేయమని దేవుణ్ణి అడుగుతారట. ఆడవాళ్ల వైపు కూర్చున్న అక్క, రెండు కిడ్నీలతోనూ, ఆమేన్ అంటుందట.