మేటి గురువు, మెహందీ గురువు

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఎవరిని పలకరించినా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పేరు చెప్పేవారు. నన్ను పలకరిస్తే మాత్రం ఏ సమాధానమూ వచ్చేది కాదు. చెప్పాలనుకున్నదంతా ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చిలకలగూడలో కొత్తగా దిగిన కుటుంబం మాది. పద్మారావు నగర్‌లో జావా క్లాసులో చేరిన మొదటి రోజే సార్ ఏదో అడిగితే, వినపడక "ఏటి సార్?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ పూట నుంచి నా పేరే "ఏటి". ఆ రోజు డైరీలో "ఇకమీదట ఏటి అనకూడదు" అని పదిసార్లు రాసుకున్నాను (ఎవరూ రాయమనలేదు, నాకు నేనే వేసుకున్న శిక్ష).

కోర్సు చివర తలా ఒక ప్రోగ్రాం రాసి చూపించాలి. బాగా రాసినవాళ్లకు అక్కడే ల్యాబ్‌లో ఉద్యోగమన్నారు. అది నాకే రావాలని పంతం పట్టాను (ఇంటర్వ్యూలో నోరు తెరవక్కర్లేని ఉద్యోగం మరెక్కడ దొరుకుతుంది?). అప్పుడే హ్యాష్‌టేబుల్ నేర్పారు: ఒక మాట ఇస్తే, దానికి జతగా దాచిన మాటను తీసిస్తుంది. అందులో మా ఊరి మాటలకు ఇక్కడి మాటలు జతచేశాను. ఏటికి ఏంది, బేగికి జల్ది, ఇలా ఓ నలభై, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. వాక్యంలో మా మాట కనపడ్డ చోటల్లా ఇక్కడి మాట వచ్చి కూర్చుంటుంది.

చూపించే రోజు "బేగి రా" కాస్తా "జల్ది రా" అయింది. "అరె, మస్తుంది పిల్లా!" అంది పక్క సీటు మెట్టుగూడ అక్క. ఆ ఊపులో సార్‌ను మెప్పిద్దామని, పుస్తకాల్లో చదివిన భాషలో "maa meti guruvu" అని కొట్టాను. తెరమీద "maa mendi guruvu" అని వచ్చింది. సార్ నెరిసిన జుట్టుకు మెహందీ పెట్టేవారు. వెనకాల అందరూ ఆయన్ని అనేది మెహందీ సార్ అనే!

"ఏందమ్మా ఇది? నా ముంగటనే గిట్ల రాస్తవా?" సార్ చెయ్యి తలమీదికి పోయింది.

"సార్, గీ పిల్ల నోరే తెర్వదు. గలతీ మెషిన్‌ది," అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.

"మెషిన్ గలతీ చెయ్యదు. లెవ్వమ్మా, నెక్స్ట్ ఎవరు?"

నేను లేవలేదు. "ఐదు నిమిషాలివ్వండి సార్," అన్నాను (ఆ క్లాసులో నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం). తప్పు దొరికింది: meti కడుపులో eti ఉంది. యంత్రం దాన్నీ వదలకుండా endi చేసేసింది. వాక్యాన్ని ఖాళీల దగ్గర మాటలుగా తుంచి, పూర్తి మాటనే పట్టికలో వెతకమన్నాను. దొరక్కపోతే ఉన్నదున్నట్టు వదిలెయ్యమన్నాను. మళ్లీ నడిపితే మేటి మేటిగానే ఉంది, ఏటి మాత్రం ఏంది అయింది.

సార్ జేబులోంచి తాళంచెవి తీసి, "సోమవారం ఎనిమిదింటికి ల్యాబ్ నువ్వే తెరవాలె. చాబీ తీస్కో," అన్నారు.

సంతోషంలో నా నోట వచ్చిన మాట, "ఏటి సార్?"

"మెషిన్ నేర్చింది గని, నువ్వు నేర్వలే!"

సోమవారానికి సార్ జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది (ఆ మార్పు నా పట్టికలో లేదు). నా నోటికి ఆ పట్టిక ఇప్పటికీ ఎక్కలేదు. అప్పుడప్పుడు పాత డైరీ తీస్తే ఆ పది వరుసలూ కనిపిస్తాయి, ఒక్క కొట్టివేత కూడా లేకుండా. అంత పంతమేటో ఆ పిల్లకి!