పేరు ముందు రెండక్షరాలు

ఆమదాలవలస స్టేషన్లో పాసింజరు ఆగీ ఆగకముందే దేముడమ్మ మూడో తరగతి పెట్టెల వెంట నడిచేది. చంకన చుట్టల బుట్ట. ఒక్కో కట్టకు ఎర్రదారం రెండు చుట్లు, ఎడమవైపు ముడి. ఇరవయ్యేళ్ళుగా అదే రంగు, అదే ముడి. సంతలో ఎర్రదారం దొరకని వారం అమ్మకం మానుకునేది కానీ తెల్లదారం కట్టేది కాదు.

కథా అంతే. కిటికీ ఊచలు పట్టుకుని అదే గొంతుతో మొదలుపెట్టేది.

“నాగావళి పొంగిన యేడు బావూ, మా ఊళ్ళో ఒక్క పొయ్యిలో నిప్పు నేదు. అగ్గిపెట్టెలు నానిపోనాయి. నాను కొత్త కోడల్ని. అవతలి గట్టున కుమ్మరోళ్ళ ఆవంలో సుట్ట అంటించి, నిప్పు నోట్లోకెట్టుకుని ఏరు దాటినాను. పైన వాన, పీకల్లోతు నీరు, నోట్లో నిప్పు. ఆ నిప్పుతోనే ఊరి పొయ్యిలన్నీ ఎలిగినాయి. ఆ సుట్టే ఇది!”

చుట్టను తిరగేసి అడ్డపొగ తాగే ఆడవాళ్ళ దేశం అది. నిప్పున్న కొస నోట్లో ఉంటే వాన ఏం చేస్తుంది? విన్నవాళ్ళు తలలూపి, చేయి చాపేవారు.

ఒకసారి కోడలు చిన్నతల్లి ఉత్సాహం కొద్దీ ‘పీకల్లోతు’ను ‘తలమునక’ చేసింది. రైలు కదలగానే దేముడమ్మ విరుచుకుపడింది.

“తలమునకైతే నిప్పారిపోదేటే? ఒకడికొకలాగ, ఇంకోడికింకోలాగ సెప్తే, ఆలిద్దరూ కలిసిన్నాడు మనల్ని అబద్దాలకోరులంటారు. కత మార్సకు. సచ్చినా మార్సకు!”

ఆ కథను మూడు ప్రయాణాల్లో మూడుసార్లు, ఒక్క మాట తేడా లేకుండా విన్నాడు రాజాం వర్తకుడు నరసింగరావు. అరవై ఏడులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

“నీ సుట్ట కన్నా నీ కత గాటుగా ఉన్నాదప్పా! నీ పేరు, నీ బొమ్మ అచ్చేయించి ఊరూరా పంపుతాను. సుట్టలన్నీ నాకే ఇచ్చీ. ఇంక ప్లాటుఫారం మీద తిరగకు.”

కాగితాలు అచ్చయి వచ్చాయి. పీకల్లోతు ఏట్లో ఒక ఆడమనిషి, నోట్లో చుట్ట, కింద పేరు, ఆ కింద కథ. దేముడమ్మకు చదువు రాదు. రేషను కార్డు మీద చూసి చూసి తన పేరు ఎలా ఉంటుందో మాత్రం గుర్తు. ఆ పేరుకు ముందు ఇంకో రెండక్షరాలు, పక్కన చుక్కలు కనబడ్డాయి.

“ఇయ్యేటి బావూ?”

“మరియాదప్పా. పెద్దోళ్ళ పేరుకి ముందేస్తారు.”

ఆమె ఆ కాగితాన్ని తలుపుకు అంటించింది. గుమ్మం ముందునుంచి పోయే ప్రతివాళ్ళనూ ఆపి, “నా పేరుకి ముందు రెండచ్చరాలేసినారు సూడండి” అని చూపించింది. పోస్టుమేను ఎల్లాజీ చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఉత్తరాల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆరు నెలలకు, చుట్టలు తీసుకెళ్ళే నరసింగరావు బండి రావడం మానేసింది. దేముడమ్మ రాజాం వెళ్ళింది. కొట్టు వెనక పాకలో ఇరవైమంది ఆడవాళ్ళు చుట్టలు చుడుతున్నారు. ఎర్రదారం, రెండు చుట్లు, ఎడమవైపు ముడి.

“ఇదేటి బావూ?”

“నీ సెయ్యి కావాలని ఎవడడగతన్నాడప్పా? అందరూ ఎర్రదారమే అడగతన్నారు” అన్నాడతను తలెత్తకుండానే.

మర్నాడు అత్తాకోడళ్ళు మళ్ళీ బుట్ట ఎత్తుకుని స్టేషనుకు వెళ్ళారు. దేముడమ్మ ఊచలు పట్టుకుని, “నాను కొత్త కోడల్ని” అనేసరికి లోపల ఒకతను పకపకా నవ్వాడు.

“ఏటే ముసిలీ, సచ్చినోళ్ళ కత నీదంటావేటి?” అంటూ జేబులోంచి అదే కాగితం చుట్టిన నరసింగరావు కొట్టు పొట్లం తీశాడు.

“నానే దేముడమ్మని!”

“అయితే దెయ్యానివా?”

పెట్టె అంతా ఘొల్లుమంది. పక్కన కూర్చున్న మిషను బడి పంతులు జీవరత్నం మాత్రం నవ్వలేదు. పొట్లం అందుకుని చూసి మెల్లగా చెప్పాడు.

“ఇక్కడ కీ.శే. అని ఉందమ్మా. కీర్తిశేషులు అని. పోయినవాళ్ళ పేరు ముందు రాస్తారు.”

రైలు వెళ్ళిపోయింది. ఆమె ఇంటికి వచ్చి తలుపు మీది కాగితాన్ని గోళ్ళతో గీకింది. మైదా జిగురు గట్టిగా పట్టేసింది. బొమ్మ చిరిగింది కానీ, ఆ రెండక్షరాలు ఊడిరాలేదు.

నాలుగు రోజులు ఒక్క కట్ట పోలేదు. ఏ పెట్టె దగ్గరకు వెళ్ళినా అదే మాట, అదే నవ్వు. నరసింగరావు కూడా కథలో ఒక్క ముక్క మార్చలేదు మరి. అది రైలు కన్నా ముందే ఊళ్ళు తిరిగింది.

అయిదో రోజు ఎవరో అడిగారు. “దేముడమ్మ సుట్టలేనా ఇయ్యి? ఆవిడ పోనాదంట కదా?”

దేముడమ్మ ఒక్క క్షణం కోడలి వైపు చూసింది. తర్వాత ఊచలు పట్టుకుంది.

“అవును బావూ. ఆవిడ మా అత్త. నాగావళి పొంగిన యేడు మా అత్త కొత్త కోడలు...”

పైన వాన, పీకల్లోతు నీరు, నోట్లో నిప్పు. మిగతా మాటలేవీ మారలేదు. చిన్నతల్లి ముఖం పక్కకు తిప్పుకుని కట్టలు అందించింది. బుట్ట సగం ఖాళీ అయింది.

“పాపం, ఎప్పుడు పోనాది?” అన్నాడు కిటికీలోని మనిషి, చుట్ట వాసన చూసుకుంటూ.

“కాయితం అచ్చేసిన్నాడు” అంది దేముడమ్మ.

అతనికి అర్థం కాలేదు. రైలు కూతలో సరిగా వినబడలేదనుకున్నాడు.